పగలెంత, రాత్రెంత: మీ ఊరి దినమానాన్ని మీరే లెక్కకట్టుకునే పద్ధతి

పంచాంగం చూడనిదే పని మొదలుపెట్టని ఇళ్లలో కూడా పగలంటే ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, రాత్రంటే తక్కిన పన్నెండు గంటలు అన్న లెక్కతోనే చాలామంది సరిపెట్టుకుంటారు. గోడ క్యాలెండర్లలో సోమవారం రాహుకాలం 7.30 నుంచి 9 వరకు అని ఏడాది పొడవునా ఒకే విధంగా అచ్చు వేయడం కూడా ఈ లెక్క మీదనే జరుగుతుంది. కానీ హైదరాబాదులో డిసెంబరు 21 ప్రాంతంలో పగలు సుమారు 11 గంటల 6 నిమిషాలు ఉంటే, జూన్ 21 ప్రాంతంలో సుమారు 13 గంటల 11 నిమిషాలు ఉంటుంది. రెంటికీ మధ్య రెండు గంటలకు పైగా తేడా ఉన్నప్పుడు, పగటిని భాగాలు చేసి చెప్పే ఏ కాలమైనా రెండు రోజుల్లోనూ ఒకే గడియారపు వేళకు రావడం సాధ్యం కాదు. పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దుండదన్న సామెత పుట్టింది ఈ తేడాను కళ్లారా చూసిన వారి నోటనే. ఇందుకు కావలసిన లెక్క కూడికలు, తీసివేతలు, భాగహారాలను మించదు కనుక, ఎవరి ఊరికి వారు దీన్ని చేసుకోవచ్చునని, చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మొదట రోజు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి

గడియారానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. పంచాంగానికి సూర్యోదయంతో మారుతుంది. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం వరకు ఒక వారం, అంటే సోమవారం, మంగళవారం వంటి ఒక్క రోజు. సూర్యోదయం నుంచి అస్తమయం వరకు ఉన్న కాలం దినమానం, అస్తమయం నుంచి మరునాటి ఉదయం వరకు ఉన్నది రాత్రిమానం. రెండూ కలిపి 60 ఘడియలు. ఒక ఘడియకు 24 నిమిషాలు, ఒక విఘడియకు 24 సెకన్లు. ఘడియలు ఎన్ని ఉన్నా 24తో హెచ్చిస్తే నిమిషాలు వస్తాయి; నిమిషాలను 24తో భాగిస్తే ఘడియలు వస్తాయి, మిగిలిన నిమిషాలను రెండున్నరతో హెచ్చిస్తే విఘడియలు వస్తాయి. ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే పాత పంచాంగాలు చదవడం కష్టం కాదు.

దీన్ని ఒక పుట్టుక వేళతో చూద్దాం. డిసెంబరు 21 సోమవారం అనుకుందాం, ఆ రోజు హైదరాబాదులో సూర్యోదయం ఉదయం 6.41. ఆ రాత్రి గడిచి గడియారంలో తెల్లవారుజామున 3.10 గంటలకు బిడ్డ పుట్టింది. ఆసుపత్రి కాగితంలో తేదీ 22, వారం మంగళవారం అని ఉంటుంది, అది సరైనదే. పంచాంగం ప్రకారం మాత్రం అది ఇంకా సోమవారం రాత్రే. ఉదయం 6.41 నుంచి 3.10 వరకు 20 గంటల 29 నిమిషాలు, అంటే 1229 నిమిషాలు గడిచాయి. 24తో భాగిస్తే 51 ఘడియలు వచ్చి 5 నిమిషాలు మిగులుతాయి. అయిదును రెండున్నరతో హెచ్చిస్తే పన్నెండున్నర విఘడియలు. సూర్యోదయాది 51 ఘడియల 12 విఘడియలకు జననం అని జాతకంలో రాసేది ఈ సంఖ్యనే. పెద్దలు రాసి పెట్టిన జాతకంలో వారానికీ ఆసుపత్రి కాగితంలోని వారానికీ పొంతన కుదరడం లేదని కంగారుపడే వారు ముందుగా పుట్టిన వేళ తెల్లవారకముందేనా అని చూసుకోవాలి. ఎక్కువగా చిక్కు అక్కడే విడిపోతుంది.

తిథి పగటిదా, రాత్రిదా అన్న ప్రశ్న కూడా ఈ దారినే తేలుతుంది. అదే రోజు పంచాంగంలో చవితి 38-20 అని, అంటే సూర్యోదయం నుంచి 38 ఘడియల 20 విఘడియల వరకు అని ఉందనుకోండి. ఆ రోజు దినమానం 666 నిమిషాలు, అంటే 27 ఘడియల 45 విఘడియలు. 38-20 అంతకు మించింది కనుక చవితి పగలంతా ఉండి, అస్తమయమయ్యాక మరో 10 ఘడియల 35 విఘడియల వరకు, అంటే రాత్రి సుమారు 10.01 వరకు ఉంటుంది. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అన్నది సాధారణ నియమమే అయినా, రాత్రి చేసే వ్రతాలకు అది చాలదు. దీపావళికి ప్రదోష వేళ, అంటే పొద్దుగూకగానే, అమావాస్య ఉండాలి, మహాశివరాత్రికి నిశీథంలో, అంటే నడిరేయిన, చతుర్దశి ఉండాలి, సంకటహర చవితికి చంద్రోదయ వేళ చవితి ఉండాలి. పండుగ ఏ రోజన్న వాదం వచ్చిన ప్రతిసారీ, ఆ పండుగ పగటిదా రాత్రిదా అని అడగడంతో మొదలుపెడితే సగం వాదం తగ్గుతుంది.

మీ ఊరి ఉదయాస్తమయాలు

పంచాంగం ఏ ఊరికి గణించారో మొదటి పుటల్లో రాసి ఉంటుంది. అది మీ ఊరు కాకపోతే, అందులోని సూర్యోదయాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. తూర్పు పడమరల తేడా ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది కనుక అక్కడ గడియారానికీ సూర్యుడికీ తేడా ఒక నిమిషం మాత్రమే. హైదరాబాదు దాదాపు 78.5 డిగ్రీల మీద ఉంది. అక్కడ 16 నిమిషాలు ఆలస్యం. అనంతపురంలో దాదాపు 20 నిమిషాలు ఆలస్యం. శ్రీకాకుళం ఆ రేఖకు తూర్పున ఉన్నందువల్ల అక్కడ అయిదారు నిమిషాలు ముందే అవుతుంది.

ఉత్తర దక్షిణాల తేడా ఇంత సులువుగా పట్టుబడదు, ఎందుకంటే అది రుతువును బట్టి అటూ ఇటూ మారుతుంది. విజయవాడకు గణించిన పంచాంగాన్ని అనంతపురంలో వాడేవారు రేఖాంశం తేడాగా 12 నిమిషాలు కలుపుకుంటారు. అయితే అనంతపురం మరికొంత దక్షిణాన ఉంది కనుక అక్కడ వేసవి పగలు కాస్త తక్కువ, శీతకాలపు పగలు కాస్త ఎక్కువ. అందువల్ల జూన్‌లో అక్కడ సూర్యోదయం 15 నిమిషాల పైచిలుకు ఆలస్యంగానూ, డిసెంబరులో 9 నిమిషాలే ఆలస్యంగానూ అవుతుంది. అస్తమయానికి ఇది తిరగబడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తిథి గాని, నక్షత్రం గాని ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే. గడియారపు వేళగా ఇచ్చినప్పుడు కాకినాడకు, అనంతపురానికి దాన్ని వేర్వేరుగా సవరించకూడదు. ఘడియల్లో ఇచ్చినప్పుడు మాత్రం అది ఆ పంచాంగం ఊరి సూర్యోదయం నుంచి కొలిచిన సంఖ్య కనుక, ముందు ఆ ఊరి గడియారపు వేళలోకి మార్చి, తరువాతే మీ ఊరి సూర్యోదయంతో పోల్చాలి. ఈ వరుస తప్పితే ఎంత మంచి పంచాంగం చేతిలో ఉన్నా ఫలితం తప్పుతుంది.

ఫోనులో చూసిన సూర్యోదయానికీ కొన్ని పంచాంగాల సూర్యోదయానికీ ఒకే ఊరిలో కూడా మూడు నాలుగు నిమిషాలు తేడా వస్తుంది. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. సూర్యబింబం పై అంచు కనబడగానే ఉదయమని ఒక లెక్క. బింబం నడిమి భాగం క్షితిజాన్ని తాకినప్పుడు, అదీ వాతావరణంలో కాంతి వంగడాన్ని పట్టించుకోకుండా, ఉదయమని మరో లెక్క. క్షితిజం దగ్గర వాతావరణం సూర్యుణ్ణి సుమారు 34 కళలు పైకెత్తి చూపిస్తుంది, బింబంలో సగం మరో 16 కళలు. కళ అంటే డిగ్రీలో 60వ వంతు. ఈ 50 కళల వల్ల పగలు ఉదయం మూడున్నర నిమిషాలు, సాయంత్రం మూడున్నర నిమిషాలు పెరుగుతుంది. విషువత్తు నాడు పగలూ రాత్రీ సమానమని పాఠాల్లో చదువుకున్నా, మార్చి 21న హైదరాబాదులో కంటికి కనిపించే పగలు 12 గంటల 7 నిమిషాలుండటానికి కారణం ఇదే. రెండు పద్ధతుల్లో ఏదైనా పాటించవచ్చు, ఉదయానికి ఒకటి, అస్తమయానికి ఇంకొకటి కలపడం మాత్రం పనికిరాదు.

కర్రనీడతో దినమానం

యంత్రాలు, అచ్చు పట్టికలు లేని రోజుల్లో దినమానాన్ని కట్టిన పద్ధతి నాకు ఎంతో ఇష్టమైనది, ఇప్పటికీ ఎవరైనా పెరట్లో చేసి చూడగలిగినది. పన్నెండు అంగుళాల శంకువు, అంటే నిటారుగా నిలిపిన కర్ర, నీడను విషువత్తు నాటి మధ్యాహ్నం కొలిచి, ఆ నీడ పొడవును పలభ అంటారు. ఈ అంగుళం టేపు మీది అంగుళమే కానక్కరలేదు. కర్ర పొడవులో పన్నెండో వంతు అయితే చాలు.

మార్చి 20, 21 తేదీల్లో గాని, సెప్టెంబరు 22, 23 తేదీల్లో గాని ఎండ బాగా ఉన్న చోట చదునైన నేల చూసుకోవాలి. మేడ మీద అయితే రసమట్టం పెట్టి వాలు లేదని నిర్ధారించుకోవాలి. 60 సెంటీమీటర్ల సన్నని నిటారు కర్రను నిలిపి, తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండుతో రెండు వైపుల నుంచి నిలువు సరిచూడాలి. గడియారం పన్నెండు కొట్టగానే కొలవడం సరికాదు. హైదరాబాదులో మార్చి 21న సూర్యుడు నడినెత్తి రేఖకు వచ్చేది సుమారు 12.23కు. అందువల్ల 12.05 నుంచి 12.40 వరకు అయిదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొసన సుద్దతో చుక్క పెట్టుకుంటూ పోవాలి. ఆ రోజు ఈ చుక్కలన్నీ పడమర నుంచి తూర్పుకు దాదాపు తిన్నని గీతగా వస్తాయి. కర్ర మొదలు నుంచి ఆ గీతకు ఉన్న అతి తక్కువ దూరమే మనకు కావలసిన నీడ. దగ్గరగా వంగి చూస్తే నీడ కొస పదునుగా ఉండదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కనుక, చిక్కని నీడకూ పూర్తి వెలుగుకూ మధ్య అర సెంటీమీటరు పైగా మసక పట్టీ కనిపిస్తుంది. చుక్క ఆ పట్టీ మధ్యన పెట్టాలి. విషువత్తుకు ఒక రోజు అటూ ఇటూ అయితే నీడలో మరో అర సెంటీమీటరు వరకు తేడా వస్తుంది కనుక, మబ్బు పట్టి ఆ రోజు తప్పితే మరీ ఆలస్యం చేయకూడదు.

హైదరాబాదులో ఈ నీడ సుమారు 18.8 సెంటీమీటర్లు వస్తుంది. 60 సెంటీమీటర్లను 12 అంగుళాలుగా తీసుకుంటే పలభ 3.76 అంగుళాలు. దీన్ని పదితో, ఎనిమిదితో, మూడుంబావుకు కాస్త ఎక్కువగా, అంటే పదిలో మూడో వంతుతో వేర్వేరుగా హెచ్చించాలి. 37.6, 30.1, 12.5 విఘడియలు వస్తాయి. వీటిని చరఖండాలు అంటారు. విషువత్తు నుంచి మొదటి సౌరమాసంలో ఉదయం 37.6 విఘడియలు ముందుకు జరుగుతుంది, అస్తమయం అంతే వెనక్కి పోతుంది. అంటే పగలు రెట్టింపుగా 75 విఘడియలు, అరగంట, పెరుగుతుంది. రెండో నెలలో 24 నిమిషాలు పెరుగుతుంది. మూడో నెలలో పది నిమిషాలే. చైత్ర వైశాఖాల్లో పొద్దు రోజురోజుకూ సాగుతున్నట్టు స్పష్టంగా తెలిసి, జ్యేష్ఠం వచ్చేసరికి ఆగిపోయినట్టు అనిపించడం ఊహ కాదన్నమాట. పలభను పది, ఎనిమిది, మూడు పైచిలుకుతో హెచ్చించమన్న సూత్రంలోనే అది ఉంది.

మే 1 నాటి దినమానం కావాలనుకుందాం. ఏప్రిల్ 20కి మొదటి ఖండం పూర్తయింది, చరం, అంటే అప్పటిదాకా పోగైన ఖండాల మొత్తం, 37.6. రెండో ఖండంలో 31 రోజులకు 11 రోజులు గడిచాయి; 30.1లో ఆ వంతు 10.7. మొత్తం చరం 48.3, రెట్టింపు 96.6 విఘడియలు. 30 ఘడియలకు దీన్ని కలిపితే 31 ఘడియల 36 విఘడియలు, అంటే 12 గంటల 38 నిమిషాలు. కంటికి కనిపించే పగలు కావాలంటే ముందు చెప్పిన ఏడు నిమిషాలు కలిపి 12 గంటల 45 నిమిషాలు అనుకోవచ్చు. ఆధునిక గణితంతో వచ్చే ఫలితానికి ఇది నిమిషం తేడాతో సరిపోతుంది. ఒక కర్ర, సుద్దముక్క, మూడు హెచ్చవేతలతో ఇంత దగ్గరగా రావడం చూసిన ప్రతిసారీ ఆ సూత్రం కట్టినవారి మీద గౌరవం పెరుగుతుంది.

సెప్టెంబరు విషువత్తు నుంచి మార్చి వరకు చరాన్ని కలపకుండా తీసివేయాలి. నెలలను మార్చి 21 నుంచి లెక్కపెట్టాలే గాని, ఏప్రిల్ 14న వచ్చే పంచాంగపు మేష సంక్రమణం నుంచి కాదు. మన పంచాంగాల రాశులు నిరయనమైనవి, అంటే నక్షత్రాల ఆధారంగా కొలిచినవి, పగటి నిడివి సాయన సూర్యుణ్ణి, అంటే విషువత్తు నుంచి కొలిచిన సూర్యుణ్ణి అనుసరిస్తుంది; రెంటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో వస్తున్నా పగలు పెరగడం డిసెంబరు 22 నుంచే మొదలవడానికి కారణం ఇదే.

అలాగని డిసెంబరు 22 తరువాత తెల్లవారడం ముందుకు జరుగుతుందని ఆశించకండి. భూమి సూర్యుని చుట్టూ తిరిగే వేగం ఏడాది పొడవునా ఒకే తీరుగా లేనందువల్లా, దాని ఇరుసు వాలు వల్లా నిజమైన మధ్యాహ్నం గడియారంతో పోలిస్తే నవంబరు మొదట్లో పావుగంటకు పైగా ముందుకు, ఫిబ్రవరి మధ్యలో పావుగంట దాకా వెనక్కి జరుగుతుంది. అందువల్ల హైదరాబాదులో అన్నిటికన్నా తొందరగా పొద్దుగూకేది నవంబరు మూడో నాలుగో వారంలో, 5.40 ప్రాంతంలో, అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేది సంక్రాంతి వెళ్లాక జనవరి 20 ప్రాంతంలో, 6.49కి. భోగి తరువాత కూడా ఇంకా చీకటిగానే ఉందేమిటి అని బడి పిల్లలు అడిగితే వారు అడిగేది నిజమే.

పగటిని, రాత్రిని భాగాలు చేయడం

రాహుకాలానికి దినమానాన్ని ఎనిమిదితో భాగించాలి. ఆదివారం ఎనిమిదో భాగం, సోమవారం రెండోది, మంగళవారం ఏడోది, బుధవారం అయిదోది, గురువారం ఆరోది, శుక్రవారం నాలుగోది, శనివారం మూడోది. యమగండానికి అదే వరుసలో అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఏడు, ఆరు. హైదరాబాదులో డిసెంబరు 21 సోమవారమైతే ఎనిమిదో వంతు 83 నిమిషాలు, రాహుకాలం 8.04 నుంచి 9.27 వరకు. జూన్ 21 సోమవారమైతే ఎనిమిదో వంతు 99 నిమిషాలు, రాహుకాలం 7.21 నుంచి 9 వరకు. క్యాలెండరును నమ్మి డిసెంబరులో 9.10కి బయలుదేరిన వ్యక్తి, తాను తప్పించుకోవాలనుకున్న కాలంలోనే బయలుదేరినట్టవుతుంది. రాహుకాలాన్ని పాటించాలా వద్దా అన్నది ఎవరి నమ్మకం వారిది. పాటించేవారు మాత్రం సరైన వేళను పాటించాలి.

ముహూర్తాలకు పగటిని పదిహేను, రాత్రిని పదిహేను భాగాలు చేస్తారు. ముహూర్తమంటే 48 నిమిషాలనేది పగలూ రాత్రీ సమానమైనప్పటి మాట. డిసెంబరు 21న పగటి ముహూర్తం 44 నిమిషాలు, రాత్రి ముహూర్తం 52 నిమిషాలకు కాస్త తక్కువ. జూన్ 21న పగటిది 53, రాత్రిది 43. పగటి ముహూర్తాల్లో ఎనిమిదోది అభిజిత్తు, అది మీ ఊరి మధ్యాహ్నానికి అటూ ఇటూ సమానంగా ఉంటుంది. రాత్రి ముహూర్తాల్లో ఎనిమిదోది నిశీథం. శివరాత్రి లింగోద్భవ కాలం సరిగ్గా పన్నెండింటికని అనుకుంటారు గాని, ఫిబ్రవరి మధ్యలో హైదరాబాదులో రాత్రికి నడిమి క్షణం 12.30 ప్రాంతంలో వస్తుంది. నిశీథం దానికి అటూ ఇటూ ఇరవై అయిదేసి నిమిషాలు. బ్రాహ్మీ ముహూర్తం రాత్రిలో పద్నాలుగోది. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలవుతుందని స్థిరంగా పెట్టుకునేవారున్నారు. రాత్రిని పదిహేను భాగాలు చేసి చూస్తే అది డిసెంబరులో 4.58కి, జూన్‌లో 4.16కి మొదలవుతుంది.

సంధ్య గురించి ఒక్క మాట. సూర్యుడు క్షితిజం కింద ఆరు డిగ్రీలు దిగేవరకు దీపం లేకుండా పని చేసుకోగలిగిన వెలుతురు ఉంటుంది. తెలుగు ప్రాంతాల్లో సూర్యుడు నిటారుగా దిగుతాడు కనుక ఇది 22 నుంచి 24 నిమిషాల్లో, అంటే సుమారు ఒక ఘడియలో ముగిసిపోతుంది.

విదేశాల్లో ఉన్నవారు

డల్లాస్‌లో డిసెంబరు 21న పగలు 10 గంటలకు ఒక నిమిషం తక్కువ, జూన్ 21న 14 గంటల 19 నిమిషాలు. సోమవారం రాహుకాలం డిసెంబరులో 8.40 నుంచి 9.55, జూన్‌లో 8.07 నుంచి 9.54. లండన్‌లో పగలు శీతకాలంలో 7 గంటల 50 నిమిషాలకు కుంచించుకుపోయి, వేసవిలో 16 గంటల 38 నిమిషాలకు పెరుగుతుంది. అక్కడ రాహుకాలం ఒకప్పుడు గంటసేపు, మరొకప్పుడు రెండు గంటల పైచిలుకు. మెల్‌బోర్న్‌లో రుతువులు తలకిందులు కనుక చరాన్ని కలపవలసిన చోట తీసివేయాలి, తీసివేయవలసిన చోట కలపాలి. అక్కడ పెద్ద పగలు డిసెంబరులో, దాదాపు 14 గంటల 47 నిమిషాలు. కర్రనీడ కూడా అక్కడ ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది.

ఇండియా నుంచి ఎవరో పంపిన రాహుకాలానికి కాలమండలాల తేడా తీసివేసి వాడటం పూర్తిగా తప్పు. తిథి ముగిసే వేళను అలా మార్చుకోవచ్చు గాని, పగటి భాగాలను ఎప్పుడూ మీ ఊరి ఉదయాస్తమయాల నుంచే కట్టాలి. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాల్లో అందుకు వేరే సవరణ అక్కరలేదు; స్థానిక గడియారంలో చూపిన ఉదయాస్తమయాల్లో అది కలిసే ఉంటుంది. గడియారం మారే రాత్రి ఒక్కటి మినహాయింపు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున ఈ మార్పు జరుగుతుంది. శనివారం అస్తమయాన్ని ఆదివారం ఉదయం నుంచి తీసివేసి రాత్రిమానం కట్టేటప్పుడు, మార్చిలో వచ్చిన ఫలితంలోంచి ఒక గంట తగ్గించాలి, నవంబరులో ఒక గంట కలపాలి.